మామయ్య చెయ్యి పడితేగానీ

సీజను చివరికొచ్చేసరికి గైడమ్మకు సముద్రం మొహం చూడబుద్ధి కావడం లేదు. ఈ మాట విని నవ్వేవాళ్ళుంటారు. నీళ్ళలోకి దిగి చేపల్ని చూపించే ఉద్యోగం, దానికీ విసుగేనా అని. అలాంటివాళ్ళు ఒక్క వారం వచ్చి చేసి చూడండి, అప్పుడు మాట్లాడదాం. తెల్లారకముందే లేచి గాలి సిలిండర్లు మొయ్యాలి. నిన్నటి తడి ఆరని రబ్బరు సూటునే మళ్ళీ ఒంటికి ఎక్కించుకోవాలి. చెవుల్లో నీళ్ళు, ఒంటినిండా ఉప్పు, వేళ్ళు ఎప్పుడు చూసినా నానబెట్టిన పప్పులా ముడతలు. వీటన్నిటికంటే పెద్ద చాకిరీ నవ్వడం. గెస్టు మనవైపు ఎప్పుడు చూసినా మన పళ్ళు కనబడాలి. కనబడకపోతే పడవ దిగేటప్పుడు ఆయన చెయ్యి జేబులోకి పోదు.

పోకపోతే ఏమవుతుందంటే, పొయ్యి వెలగదు. ఓనరమ్మ ఇచ్చే జీతం ఇంటద్దెకు సరిపోతే గొప్ప. మిగతా బతుకంతా టిప్పు మీదే. అది ఎవరి చేతిలో పెట్టినా సరే, స్టీరింగు పక్కన వేలాడే రబ్బరు సంచిలో వెయ్యాలి. ఒడ్డుకొచ్చాక పడవ నడిపే సరంగు దాన్ని పడవ మీద పనిచేసినవాళ్ళందరికీ సమానంగా పంచుతాడు. అందుకని ఆ పడవ మీద గెస్టుకు జరిగే మర్యాద అంతా ఇంతా కాదు. ఆయన సిలిండరు మనమే బిగిస్తాం, జాకెట్టు మనమే తొడుగుతాం, కాళ్ళు చాపితే రబ్బరు రెక్కలు, అదే ఫిన్నులు, మనమే ఎక్కిస్తాం. కొత్తల్లుడు కూడా అంత హాయిగా కూర్చోడు. ఆయన చెయ్యాల్సిందల్లా ఊపిరి పీల్చడం ఒక్కటే.

ఈ మర్యాదల్లో ఆఖరిది మామయ్యది. గైడమ్మకు సొంత మేనమామ. ఆమెకు ఈత నేర్పిందీ, ఈ పడవ ఎక్కించిందీ ఆయనే. ఒకప్పుడు తనే గైడు. ఊపిరితిత్తులు మొరాయించాక నీళ్ళలోకి దిగడం మాని, డెక్కు మీద పనికి కుదురుకున్నాడు. గెస్టు దూకడానికి పడవ వెనక అంచున నిలబడగానే మామయ్య వీపు వెనక్కి చేరతాడు. సిలిండరు నెత్తినుండే వాల్వును చేత్తో తిప్పి, గెస్టు పీలుస్తుంటే గాలి మీటరు ముల్లు కదలకుండా ఉందో లేదో చూసి, సిలిండరును రెండుసార్లు తట్టి, "వెళ్ళి రా నాయనా, చేపల్ని అడిగానని చెప్పు" అంటాడు. ఏటా వచ్చే గెస్టులకు అదొక సెంటిమెంటు అయిపోయింది. పెద్దాయన చెయ్యి పడితేగానీ దూకనని మొండికేసేవాళ్ళు కూడా ఉన్నారు. సంచి నిండడంలో ఆ రెండు తట్లకు పెద్ద వాటాయే ఉంది.

ఓనరమ్మకు మాత్రం ఆయన కంట్లో నలుసు. "ముసలాయన కూర్చునే చోట ఇంకో గెస్టు పడతాడు. ఏదో ఒకనాడు ఆయన చెయ్యి జారిందనుకో, మరుక్షణం పంపించేస్తా" అని మొహం మీదే అనేది. మామయ్య నవ్వేసేవాడు. గైడమ్మకు నవ్వొచ్చేది కాదు. పడవ లేకపోతే మామయ్య బతకడు, అది ఆమెకు తెలుసు. వర్షాలప్పుడు పడవ కదలని నెలల్లో ఆయన గుమ్మంలో కూర్చుని అత్తను సతాయించడం ఆమె చూడని సంగతి కాదు.

ఆరోజు పడవ మీద ఒక్కడే గెస్టు. ఆయనకు వీళ్ళు పెట్టుకున్న పేరు వేడినీళ్ళాయన. దూకేముందు సూటు మెడలోంచి గోరువెచ్చని నీళ్ళు పొయ్యాలి, లేకపోతే చలంటాడు. ఆ ఫ్లాస్కు మోసేది గైడమ్మే. చెడ్డవాడేం కాదు పాపం. ఎన్నో సముద్రాలు తిరిగాడు. ఎక్కడికెళ్ళినా ఇలాంటి మర్యాదే దొరికింది కాబట్టి తన సిలిండరు తను బిగించుకునే అవసరమే రాలేదు.

బాగా లోతుకు వెళ్ళాక గైడమ్మ వెనక్కి తిరిగి చూస్తే వేడినీళ్ళాయన కళ్ళు మాస్కులో ఇంతింత అయిపోయి ఉన్నాయి. చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. గాలి రావట్లేదని సైగ. ఆమె ఒక్క ఊపున వెళ్ళి తన దగ్గరున్న రెండో గాలిగొట్టం ఆయన నోట్లో కుక్కి, భుజం పట్టుకుని, ఆయన మీటరు అందుకుని చూసింది. ముల్లు నిండుగా చూపిస్తోంది! ఆయన గొట్టం మీది బొత్తాం నొక్కింది. గాలి బుస్సుమని వచ్చి సన్నబడిపోయింది, ముల్లు అడుక్కి పడిపోయింది. బొత్తాం వదిలితే మళ్ళీ మెల్లగా పైకి లేచింది. ఆమె ఆయన వీపు వెనక్కి చెయ్యి పెట్టి వాల్వు తిప్పింది. అది తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. పావు తిప్పు మాత్రమే తెరిచి ఉందది.

పొద్దున తన చేత్తోనే దాన్ని ఆగేదాకా తెరిచింది. పాతకాలంలో అయితే ఆగేదాకా తెరిచి, మర బిగుసుకుపోకుండా పావు తిప్పు వెనక్కి తిప్పేవాళ్ళు. ఇన్నాళ్ళూ ఈ పడవ మీదా అదే అలవాటు. ఈ ఉదయం నుంచే ఓనరమ్మ కొత్త పద్ధతి పెట్టింది, పూర్తిగా తెరిచి వదిలెయ్యమని. మామయ్య తల ఊపాడు గానీ చేతికి పాత అలవాటు పోలేదు. పూర్తిగా తెరిచిన వాల్వు చేతికి బిగుసుకుని తగిలేసరికి మూసి ఉందనుకుని ఉంటాడు. కదిలే వైపు తిప్పుకుంటూ పోయి, ఆగాక పావు తిప్పు వెనక్కి తిప్పి, రెండు తట్లు తట్టాడు. పడవ మీద నిలబడి పీలిస్తే ఆ కాస్త సందులోంచి గాలి సరిపోతుంది. లోతుకు వెళ్ళాక చాలదు. ఇదంతా నీళ్ళలో ఉండగానే ఆమెకు అర్థమైపోయింది. వేడినీళ్ళాయన మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు, చిన్నపిల్లాడిలా పట్టుకుని పైదాకా వచ్చాడు.

పైకొచ్చాక ఆయన హడావుడి చూడాలి. "ఈ అమ్మాయి లేకపోతే నా పని అయిపోయేది!" అని సరంగుకి చెప్పాడు. అదే మాట మళ్ళీ మామయ్యకి చెప్పాడు. మామయ్య ఆయనకు తువ్వాలు కప్పి, వీపు రుద్ది, వేడి టీ చేతికిచ్చి, "భయం లేదు బాబూ, మా మేనకోడలు ఉండగా మీకేం కాదు" అని తెగ మురిసిపోయాడు. గైడమ్మ కింద కూర్చుని ఫిన్నులు విప్పుకుంటోంది. ఆమెకు ఆ క్షణంలో మామయ్య మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంతలోనే మామయ్య జారిన తువ్వాలును మళ్ళీ గెస్టు భుజాల మీదికి సర్దడం చూసి ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వేడినీళ్ళాయన దిగేటప్పుడు పర్సులో ఉన్నదంతా ఊడ్చి సంచిలో వేశాడు. సరంగు నోరు తెరుచుకునే ఉండిపోయాడు. అంతటితో పోతే బాగుండేది. వెళ్తూ వెళ్తూ మామయ్య చెయ్యి పట్టుకుని అన్నాడు.

"రేపు మా అమ్మాయి వస్తోంది. కోర్సు పూర్తిచేసింది, సముద్రంలోకి ఇదే మొదటిసారి. దాన్ని మీ చేతుల్లో పెడుతున్నా. మీరు స్వయంగా చూడాలి."

"అంతకంటేనా!" అన్నాడు మామయ్య.

మధ్యాహ్నం, షాపు వెనక సామాన్లు కడిగే తొట్టి దగ్గర, గైడమ్మ ఒక సిలిండరు బిగించి నిలబెట్టింది. వాల్వు పూర్తిగా తెరిచి ఉంచింది.

"మామయ్యా, ఇటొకసారి రా."

"ఉండవే, సూట్లు ఆరేసి వస్తా. ఏంటా మొహం? ఇవాళ సంచి బరువుకి సరంగు భుజం వంగిపోతే నువ్వేమో ఏడుపు మొహం పెడతావు."

"ఈ వాల్వు తెరువు."

"నాకా పరీక్ష? నేనీ పనిలోకి వచ్చేనాటికి మీ అమ్మకి పెళ్ళి కూడా కాలేదు తెలుసా?"

"తెరువు మామయ్యా, నీకు దండం పెడతా."

ఆయన నవ్వుతూ చెయ్యి వేశాడు. బిగుసుకుని తగిలింది. రెండోవైపు తిప్పాడు, ఆగేదాకా తిప్పాడు, పావు తిప్పు వెనక్కి తెచ్చాడు. సిలిండరును రెండుసార్లు తట్టాడు కూడా. గైడమ్మ మీటరు ఆయన చేతిలో పెట్టి, గొట్టం మీది బొత్తాం నొక్కి పట్టుకుంది. గాలి బుస్సుమని వచ్చి సన్నబడింది.

"ముల్లు ఎక్కడుంది?"

మామయ్య మీటరును దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, ఎండవైపు తిప్పాడు. "ఎక్కడుంటుంది, నిండుగానే ఉంది" అన్నాడు.

ముల్లు అడుగున పడి ఉంది. గైడమ్మ బొత్తాం వదలకుండా అలాగే నొక్కి పట్టుకుంది. ఆ సన్నటి చప్పుడు మామయ్య చెవిన పడింది. కళ్ళు పోయాయేమో గానీ చెవులు ఆయనవే కదా. ఎన్ని వేలసార్లు విన్నాడో నిండు గాలి చప్పుడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. మీటరు వదిలేసి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"పొద్దున ఆయనకి..."

"ఊఁ."

"నేనేనా?"

"నువ్వే."

 ఆరేసిన సూట్లలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

"ఎప్పటినుంచి కనబడట్లేదు?" అంది గైడమ్మ.

"మనుషులు కనబడతారు. మెట్లు కనబడతాయి. సన్నగా ఉండేవే..." అని ఆగిపోయాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, ఒక మాట చెప్తా, తిట్టకు. నీ మీద వేసుకో. ఓనరమ్మకి నువ్వే మర్చిపోయానని చెప్పు. నువ్వు పనిమంతురాలివి, రెండు మాటలని ఊరుకుంటుంది. నా పేరు చెప్తే నన్ను ఒడ్డునే వదిలేస్తుందే. నేనేం చెయ్యను ఇంట్లో కూర్చుని?"

గైడమ్మకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చింది, మనిషి చచ్చిపోయేవాడు, నీకు సిగ్గులేదా అని. ఈత నేర్పేటప్పుడు తన గడ్డం కింద చెయ్యి పెట్టి నీళ్ళమీద తేల్చిన మనిషి ఇప్పుడు తన చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు. పోట్లాడే ఓపిక కూడా లేదామెకు. సీజను మొత్తం మోసిన సిలిండర్లన్నీ ఒక్కసారే భుజాల మీద కూర్చున్నట్టుంది.

"ఇకమీదట వాల్వు ముట్టుకోకూడదు. తువ్వాలు కప్పు, టీ ఇవ్వు, తాడు విసురు, ఏమైనా చెయ్యి. వాల్వు మాత్రం వద్దు."

"ముట్టుకోను. నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు పెట్టకు, చాలు" అని విసురుగా లేచి ఆఫీసులోకి వెళ్ళింది.

వాల్వు తనే మర్చిపోయానని గైడమ్మ చెబుతుంటే ఓనరమ్మ విన్నంతసేపు తల పట్టుకుంది. తిట్టవలసినవన్నీ తిట్టింది. వచ్చే సీజనుకి పిలవాలో వద్దో ఆలోచిస్తానంది. గైడమ్మ అన్నిటికీ తల ఊపింది.

"గెస్టుకి చెప్పి క్షమించమని అడుగుతానండి."

"పిచ్చా నీకు?" అంది ఓనరమ్మ. "ఆయన ప్రాణాలు కాపాడావని ఊరంతా చాటుతున్నాడు. ఫోన్లో ఎంత బాగా రాశాడో చూశావా? ఇప్పుడు వెళ్ళి, చంపబోయింది మేమేనని చెప్తావా? సంచిలో పడ్డది తిరిగిస్తారా మీరంతా? నోరు మూసుకుని పని చూసుకో."

సంచి అప్పటికే పంచేశారు. గైడమ్మ వాటా ఆమె జేబులోనే ఉంది. ఆమె నోరు మూసుకుంది. 

మర్నాడు వేడినీళ్ళాయన కూతుర్ని తీసుకొచ్చాడు. కాలేజీలో చదివే పిల్ల, సన్నగా రివటలా ఉంది. భయం, సంబరం రెండూ కలిసి గబగబా మాట్లాడేస్తోంది. గైడమ్మ ఆ పిల్ల సిలిండరు బిగించి, వాల్వు తెరిచి, గొట్టం నోట్లో పెట్టుకుని తనే గట్టిగా పీల్చి, ముల్లు చూసుకుంది. తర్వాత మళ్ళీ చూసింది. మామయ్య ముందుభాగంలో తాళ్ళు చుడుతూ కూర్చున్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు. ఈ గండం గడిచిపోతుందనుకుంది గైడమ్మ.

పిల్ల వెనక అంచున నిలబడగానే వేడినీళ్ళాయన కేకేశాడు. "పెద్దాయనా! ఎక్కడికి పోయారు? రండి రండి, మా పిల్లకి మీ చెయ్యి పడాలి."

"నేను చూశాను సార్, అంతా సరిగ్గా ఉంది" అంది గైడమ్మ అడ్డం వచ్చి.

"నువ్వు చూశావులేమ్మా, నీకేం తక్కువ చెయ్యను. ఆయన తట్టకపోతే నాకు మనసొప్పదు." అంటూనే తాళ్ళు వదిలి వచ్చిన మామయ్య చొక్కా జేబులో నోట్లు మడిచి కుక్కేశాడు. ముందే ఇచ్చేశాడన్నమాట, పని ఇంకా కాకుండానే!

మామయ్య పిల్ల వెనక నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే లేచింది.  ఒక్క తిప్పు చాలు. ఇంతమంది ముందు ఆ చెయ్యి లాగేస్తే మామయ్య పరువు పోతుంది. లాగకపోతే ఈ పిల్ల... ఆమె చెయ్యి చాపేలోపే మామయ్య చెయ్యి వాల్వు మీద ఆగిపోయింది. తిప్పలేదు. కాసేపు అలా ఉంచి, తీసేసి, చొక్కాకి తుడుచుకున్నాడు.

"నేను చూడలేను బాబూ" అన్నాడు.

"ఏమైంది, ఒంట్లో బాగాలేదా?"

"నాకు ముల్లు కనబడదు. నిన్న మీకు గాలి ఆగింది ఊరికే కాదు. మా మేనకోడలు తెరిచి పెట్టిన వాల్వుని నేను మూసేశాను. మూసి, వీపు తట్టి మరీ పంపాను." జేబులోని నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీ పిల్లని ముట్టుకోవాలంటే నాకు చేతులు రావట్లేదు."

సరంగు ఇంజను ఆపేశాడు. వేడినీళ్ళాయనకు ఆ మాటలు తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక మొహం తెల్లబోయింది. మామయ్యను వదిలేసి గైడమ్మవైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"నిన్ననే?"

"నీళ్ళలోనే తెలుసు."

"మరి డబ్బులెందుకు తీసుకున్నావ్?"

గైడమ్మ తల దించుకుంది. ఇంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది. ఆయన కూతుర్ని తనవైపు లాక్కుని, ఎవ్వరూ దీన్ని ముట్టుకోవద్దంటూ, వాల్వు మీద తనే చెయ్యి వేశాడు. వేసి అలాగే నిలబడిపోయాడు. ఎటు తిప్పాలో ఆయనకు తెలియదు. ఇన్ని సముద్రాలు తిరిగిన మనిషికి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

"ఎడమకి నాన్నా" అంది పిల్ల మెల్లగా. "తెరిచే ఉంది, ఇంక తిరగదు చూడండి. కోర్సులో నేర్పారు."

ఆయన చూశాడు. తిరగలేదు. ఆ పిల్లే మీటరు అందుకుని, గొట్టంలోంచి గట్టిగా పీల్చి, ముల్లు కదలట్లేదని తండ్రికి చూపించింది. దిగుతానంది. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి తనూ దిగాడు, తన వాల్వు కూతురి చేత చూపించుకుని. నీళ్ళలో ఉన్నంతసేపూ గైడమ్మ చూపించిన చేపల్ని ఆయన ఒక్కదాన్నీ చూడలేదు, కూతురి మీటరే చూస్తూ ఉన్నాడు. పైకొచ్చాక ఫ్లాస్కు తెస్తే వద్దన్నాడు. ఒడ్డున దిగి వెళ్ళిపోయాడు. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. సంచి ఖాళీగా వేలాడుతోంది.

మామయ్య ముందుభాగంలో తాళ్ళు సర్దుతున్నాడు. రేపటినుంచి ఈ పని తనది కాదని తెలిసినా ఎప్పటికంటే శ్రద్ధగా సర్దుతున్నాడు. గైడమ్మ వెళ్ళి పక్కన కూలబడింది. కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. 

"ఓనరమ్మకి నేనే చెప్తాలే, నీ తప్పేం లేదని" అన్నాడు మామయ్య. "నువ్వు నాకొక్క సాయం చెయ్యి. కళ్ళ సంగతి మీ అత్తకి నువ్వు చెప్పు. ఇంతమందిలో చెప్పగలిగాను గానీ దాని దగ్గర నావల్ల కాదు."

"అత్తకి తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? దానికి చదువు రాదు కదా, రోజూ సాయంత్రం పేపరు నేనే చదివి వినిపించాలి. అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక ఏం చెయ్యను, నోటికొచ్చింది కల్పించి చదువుతున్నా. నాలుగు మంచి కబుర్లు." తాడు ముడి వేసి, వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. "పిచ్చిది, ఈమధ్య లోకం కాస్త బాగుపడిందంటోందే."